మర్రిగూడ వేకువజల్లు

మబ్బు తునకైనా లేని ఆకాశం కింద, మర్రిగూడలో తెల్లవారుతూనే ఆరంగుళాల వాన కురిసిందని కంప్యూటర్ తెర చూపిస్తుంటే, స్వరూప చేతిలోని ఉప్మా చెంచా నోటిదాకా వచ్చి ఆగిపోయింది.

ఆరంగుళాలు. అదీ అరగంటలో.

అదే నిజమైతే ఈపాటికి మర్రిగూడలో చెరువు కట్ట తెగి ఉండాలి. రోడ్డు కొట్టుకుపోయి ఉండాలి. నడుంలోతు నీళ్లలో గొడుగు పట్టుకుని టీవీ విలేకరి గొంతు చించుకుంటూ ఉండాలి. స్వరూప గబగబా ఉపగ్రహం పంపిన బొమ్మ తెరిచింది. మహబూబ్‌నగర్ నుంచి నల్గొండ దాకా ఆకాశం అప్పుడే తుడిచిన పలకలా ఉంది. కిటికీ రెక్క తోసి చూసింది. నల్గొండ గడియారం సెంటర్లో ఎండ అప్పటికే పెనం మీద అట్టులా చిటపటలాడుతోంది.

ఆమె వెంటనే యాకూబ్‌కు ఫోన్ చేసింది. మర్రిగూడలో చాయ్ హోటల్ యాకూబ్‌ది. ఆ ఊళ్లో మైకు నడిపేది, వాన కొలిచే డబ్బాకు కావలి కూడా అతనే.

"యాకూబ్ భాయ్, అక్కడ అంతా బాగేనా? ఇండ్లు గిట్ల మునగలేదు గద?"

"ఇండ్లు మునుగుడేందమ్మా?"

"మన డబ్బాల ఆరంగుళాల వాన పడ్డది."

అవతల వెనక నుంచి అతని భార్య ఇక్బాల్ బీ గొంతు గంటలా వినిపించింది: "మిరపకాయలు ఎండకు మాడిపోతున్నయ్, జర వచ్చి తిప్పరాదు."

"ఆరంగుళాలా?" అన్నాడు యాకూబ్ చివరికి. ఆ గొంతులో ఆశ్చర్యం అచ్చమైనది, అందులో కల్తీ లేదు. "గంత ఎట్ల వస్తదమ్మా?"

స్వరూప ఫోన్ పెట్టేసింది. మిరపకాయలు ఎండుతున్న ఊళ్లో ఆరంగుళాల వాన. ఇరవై ఊళ్ల ఆకాశాన్ని రోజూ చదివే తనకు ఇంత చిన్న లెక్క తేలడం లేదు.

ఆమె ఉద్యోగం అదే. ఎరువుల దుకాణం పైన రెండు గదుల్లో 'మబ్బు కబురు' అనే చిన్న ఆఫీసు. జిల్లాలోని కొన్ని రైతు సంఘాలు కలిసి పెట్టుకున్నాయి. ఊరికొక డబ్బా. ఇనుప స్తంభం, దాని మీద నోరు తెరుచుకున్న గరాటు, లోపల తక్కెడలాంటి బుల్లి ఊయల. చినుకులు నిండినప్పుడల్లా ఊయల ఒరుగుతుంది. ఒరిగినప్పుడల్లా లెక్క నల్గొండకు చేరుతుంది. రోజూ మధ్యాహ్నం స్వరూప తన గొంతుతో ఒక కబురు రికార్డు చేసి పంపుతుంది. రేపు పొద్దుటి చాయ్ వేళ దాకా ఎక్కడ జల్లు, ఎక్కడ పిడుగు, ఎక్కడ ఉత్త ఉక్క అన్నది అందులో ఉంటుంది. ఊళ్లలో దాన్ని మైకులో వినిపిస్తారు. విని వడ్లు కప్పుతారు, మేకలను తోలుకొస్తారు, లేదా నవ్వుకుంటారు.

ఎండాకాలపు వాన ఎవరి మాటా వినదు. రోడ్డుకు ఈ పక్క కాలువలు పారిస్తుంది, ఆ పక్క దుమ్ము లేపుతుంది. అందుకే స్వరూప చెప్పినవాటిలో సగానికి కాస్త ఎక్కువే నిజమయ్యేవి. అది తక్కువేమీ కాదు. కానీ మర్రిగూడ సంగతే వేరు. అక్కడ ఆమె వానంటే వానే. ఒక్కసారి కూడా తప్పలేదు.

ఇంకో వింత ఉంది. అన్ని ఊళ్లలో వేసవి వాన సాయంత్రం పూట, భూమి బాగా కాగాక వస్తుంది. మర్రిగూడలో మాత్రం తెల్లవారుజామున వచ్చేది. రాత్రి గుట్టల రాళ్లు చల్లబడి, కింది గాలిని పిండేసి, ఆ తేమను జల్లుగా రాలుస్తున్నాయని స్వరూప ఒక సిద్ధాంతం కట్టింది. దానికి 'మర్రిగూడ వేకువజల్లు' అని పేరు పెట్టింది. హైదరాబాద్‌లో ఒక సభలో ఆ వ్యాసం చదివితే శాలువా కప్పారు. ఆ శాలువా ఫోటో ఇప్పుడు ఆఫీసు గోడ మీద, మేనేజర్ దివాకర్ కుర్చీకి సరిగ్గా పైన వేలాడుతోంది.

ఆ దివాకర్ అప్పుడే లోపలికొచ్చి తెర చూశాడు.

"ఆరంగుళాలా? రికార్డు కదమ్మా. పేపరోళ్లకు ఫోన్ కొట్టనా?"

"ఎవరికీ కొట్టకండి సార్. మర్రిగూడలో మిరపకాయలు ఎండుతున్నయ్."

"అంటే?"

"అంటే ఎవరో మన డబ్బాతో ఆడుకుంటున్నరు."

దివాకర్ ముందు గోడ మీది ఫోటో వైపు చూశాడు, తర్వాత ఆమె వైపు చూశాడు. "జర మెల్లగ కనుక్కోరాదమ్మా," అన్నాడు. "ఫ్రేముకు మస్తు ఖర్చయింది."

మెల్లగా కనుక్కునే తీరిక లేదని స్వరూపకు తెలుసు. అసలు భయం డబ్బా గురించి కాదు. ఇవ్వాళ్టి గాలి గురించి. సముద్రం వైపు నుంచి తడిగాలి కిందకు చొచ్చుకొస్తోంది. పైన పొడిగాలి మూతలా కూర్చుంది. మధ్యాహ్నానికి ఆ మూత ఎగిరిపోతుంది. మహబూబ్‌నగర్ వైపు మబ్బు కోటలు లేస్తాయి, లేచి ఇటే నడుస్తాయి. వాటి దారిలో మర్రిగూడ వడ్ల కొనుగోలు కేంద్రం ఉంది. బోర్ల కింద ఊరంతా పండించిన వడ్లు అక్కడ ఆరుబయట కుప్పలుగా ఉన్నాయి.

డబ్బా అబద్ధమైతే తన మాటా అబద్ధమే. అబద్ధపు మాట మీద ఎవరు వడ్లు కప్పుతారు?

ఆమె బ్యాగు భుజాన వేసుకుని బస్టాండుకు పరుగెత్తింది.

బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఫోన్లో పాత లెక్కలు తిరగేసింది. చిత్రమైన సంగతి బయటపడింది. తను 'చిరుజల్లు' అన్న రోజుల్లో డబ్బాలో పడ్డ వాన ప్రతిసారీ ఒకే కొలత. 'మోస్తరు వాన' అన్న రోజుల్లో ఇంకో కొలత, అదీ ప్రతిసారీ ఒకటే. నిన్న జీవితంలో మొదటిసారి మర్రిగూడకు 'భారీ వాన' అంది. ఆరంగుళాలు.

ఆకాశం తన మాట వినడం వరకూ ఆమెకు అభ్యంతరం లేదు. కానీ ఏ మాటకు ఎంత కురవాలో కూడా ఇంత శ్రద్ధగా పాటించే ఆకాశం ఎక్కడా ఉండదు. ఇది మనిషి పని. ఆ మనిషి తన కబురును రోజూ ఒక్క మాట వదలకుండా వింటున్నాడు.



* * *

మర్రిగూడ స్టేజీ దగ్గర యాకూబ్ టీవీయెస్ బండి మీద సిద్ధంగా ఉన్నాడు. యాభై దాటిన మనిషి, గోరింటాకు పెట్టిన గడ్డం. బండికి ఒక పక్క పెద్ద చాయ్ ఫ్లాస్కు, ఇంకో పక్క గ్లాసులు కడిగే నీళ్ల బకెట్టు. ఆ బకెట్టుకు తగలకుండా కాళ్లు ముడుచుకుని స్వరూప వెనక కూర్చుంది.

"ఎవడో నీళ్లు పోస్తున్నడంటవా అమ్మా?" అన్నాడతను బండి నడుపుతూ.

"పోస్తున్నడు భాయ్. ఇవ్వాళ దొరికిచ్చుకుంట."

"దొరికితే ఏం జేస్తవ్?"

"మైకుల పేరు చదివిస్త. మీతోనే."

బండి ఎందుకో కాస్త అటూ ఇటూ ఊగి మళ్లీ నిలదొక్కుకుంది. గుంట అయి ఉంటుందనుకుంది స్వరూప.

డబ్బా ఊళ్లో లేదు. గుట్ట అవతల గోపమ్మ బత్తాయి తోట అంచున ఉంది. గోపమ్మ చెట్టు నీడన మంచం వాల్చుకుని, కొంగుతో విసురుకుంటోంది.

"అవ్వా, మీ తోటల పొద్దున వాన పడ్డదా?"

"గా ముచ్చట నన్నడుగుతవేంది బిడ్డా. నువ్వే గద మైకుల జెప్తవ్, గోపమ్మ తోటల పడ్డది, గోపమ్మ తోటల పడ్డది అని. ఊరంత నన్ను జూసి కుళ్లుకుంటాంది. నా చెట్లకు మాత్రం తెల్వదు. బత్తాయిలు జూడు, గోలీలంత అయినయ్. గా వాన ఏడ పడ్తాందో జర సూపియ్యి, మంచం ఆడేసుకుంట."

"మీరెన్నడు చూడలేదా?"

"నేను గుట్ట దాటి వచ్చేసరికి పొద్దెక్కుతది. వచ్చి సూస్తే నేల ఎండి ఉంటది. ఎండకు గుంజుకున్నదేమో అనుకుంట. మైకుల అబద్ధం జెప్తరా అని నోరు మూసుకుంట."

స్వరూప డబ్బా దగ్గర వంగి చూసింది. చుట్టూ నేల నెర్రెలు విచ్చి ఉంది. స్తంభం మొదట్లో మాత్రం గరాటు అంచు నుంచి ఒలికినట్టు పళ్లెమంత తడి మరక. దాని చుట్టూ చీమలు. మరక దగ్గర మొదలైన చీమల బారు స్తంభం ఎక్కి, గరాటు అంచు చుట్టి, లోపలికి దిగుతోంది. చీమలకు వాననీళ్లంటే ఇంత ఇష్టమని ఆమె ఏ పుస్తకంలోనూ చదవలేదు.

"పరదాల వీరేశంగాడే అయితడు," అంది గోపమ్మ మంచం మీది నుంచే. "వానొస్తదంటే వడ్లు కప్పనీకి ఊరంత వాని పరదాలే కిరాయికి తెస్తది. వానికి గాక ఎవనికి పనుంటది?"

"ఒకల మీద గట్ల నింద ఎయ్యొద్దు గోపమ్మా," అన్నాడు యాకూబ్ నేల చూస్తూ.

మంచి మనిషి, అనుకుంది స్వరూప.

* * *

కొనుగోలు కేంద్రంలో వడ్లు బంగారు దుప్పట్లలా పరిచి ఉన్నాయి. ఆమె బండి దిగగానే నీడన కూర్చున్న రైతుల్లో కలకలం.

"ఇగో, డబ్బల వానమ్మ వచ్చింది," అన్నారెవరో. నవ్వులు.

స్వరూప మొహం ఎర్రబడింది. హైదరాబాద్‌లో శాలువా కప్పించుకున్న మనిషి మర్రిగూడలో ఇలా పిలిపించుకుంటోందని ఇన్నాళ్లూ ఆమెకు చెప్పినవాళ్లు లేరు.

నాగరాణి అనే రైతు చీపురు పక్కన పెట్టి లేచింది. "నిన్న భారీ వాన అంటివి గద మేడం. పానం బెట్టి పరదాలు కప్పినం. రాత్రంత ఉక్కకు వడ్లు ఆవిరి పట్టినయ్. పొద్దుగాల తీసి సూస్తే తేమ పెరిగింది. తేమ ఉన్నదని లారీలకు ఎక్కియ్యనన్నరు. వాన మాత్రం సుక్క లేదు. అడిగితే డబ్బల పడ్డది అంటరు. మేము వడ్లు తెచ్చి డబ్బల వోసుకోవాల్నా?"

"మీరన్నది నిజమే," అంది స్వరూప. "డబ్బాల పడ్డది వాన కాదు. ఎవరో నీళ్లు పోస్తున్నరు. నన్ను గూడ మోసం చేసిన్రు."

పాతిక తలలు ఒకేసారి ఒకే వైపు తిరిగాయి. కేంద్రం పక్కనే టెంట్ హౌజ్. దాని గుమ్మంలో పరదాల మడతలు సరిచేస్తూ వీరేశం.

"నన్నెందుకు సూస్తున్నరు?" అన్నాడు వీరేశం.

"ఎందుకో నీకే తెల్వాలె," అంది నాగరాణి. "వానొచ్చినా రాకున్నా నీ పరదాలకు కిరాయే గద."

వీరేశం బొద్దుగా, నెమ్మదిగా ఉండే మనిషి. ఊళ్లో ఎవరి పెళ్లికైనా, ఎవరి చావుకైనా కుర్చీలు ముందు తెచ్చి కిరాయి తర్వాత అడిగేవాడు. అతను లేచాడు. పరదాలన్నీ లోపలికి విసిరాడు. షట్టర్ బర్రున కిందికి లాగి తాళం వేసి, తాళంచెవి మొలతాడుకు ముడేసుకుని, గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు.

"నన్ను దొంగంటరా? మంచిది. గా దొంగ దొరికి, గీడికొచ్చి, నా మొఖం సూసి నేనే పోసిన అని జెప్పేదాక పరదా గాదు, పరదా తాడు గూడ ఇయ్య."

"నీ పరదాలు ఎవనికి గావాలె?" అన్నారు వెనక నుంచి. "వాన లేదు, గీన లేదు."

సరిగ్గా అప్పుడు గాలి ఆగింది.

అది ఆగిన తీరు స్వరూపకు నచ్చలేదు. ఆకు కదలడం లేదు. వడ్ల మీది పిచ్చుకలు ఒక్కసారిగా లేచిపోయాయి. ఆమె నైరుతి వైపు తల తిప్పింది. గుట్ట వెనక నుంచి తెల్లటి మబ్బు బురుజు పైకి ఉబుకుతోంది. అడుగున ఉడికిన వంకాయ రంగు. చూస్తుండగానే దాని తల ఆకాశం కప్పుకు తగిలి, కమ్మరి దాగలిలా రెండు వైపులా చదునుగా సాగింది. ఫోన్ తీసి రాడార్ చూసింది. మహబూబ్‌నగర్ సరిహద్దు దాటిన ఎర్రమచ్చ తిన్నగా మర్రిగూడ దారి పట్టింది.

"వినున్రి," అంది స్వరూప గొంతు పెంచి. "ఇవ్వాళ నిజంగానే వస్తాంది. ఈదురుగాలి, పిడుగులు, రాళ్లవాన గూడ ఉండొచ్చు. గంటసేపు గూడ లేదు. కప్పున్రి."

"ఏ వాన మేడం?" అన్నాడు నీడలోని పెద్దమనిషి తీరిగ్గా. "ఊరి వానా, డబ్బా వానా?"

నవ్వులు గుప్పున లేచాయి. ఒక్కరూ కదల్లేదు. కదిలినా లాభం లేదు. పరదాలు తాళం వెనక ఉన్నాయి, తాళంచెవి వీరేశం మొలతాడుకు ఉంది, వీరేశం కుర్చీలో ఉన్నాడు.

* * *

"జర చాయ్ తాగు బిడ్డా, మొఖం వాడింది," అని ఇక్బాల్ బీ ఆమెను హోటల్లోకి లాక్కెళ్లింది. హోటలంటే రేకుల పందిరి, రెండు బల్లలు, ఒక మూల పంచాయతీ మైకు. యాకూబ్ చాయ్ వడగడుతున్నాడు. గురి తప్పి సగం పొయ్యిలో పడుతోంది.

స్వరూప గ్లాసు నోటి దగ్గర పెట్టుకుంది. యాలకుల వాసన. కాలికి ఏదో చురుక్కుమంది. చీమ. కిందికి చూసింది. బండి మీది నుంచి దింపిన బకెట్టు అక్కడుంది. సగానికి సగం ఖాళీ. గ్లాసులు కడిగి కడిగి నీళ్లు పలచటి గోధుమరంగుకు తిరిగాయి. నేల మీద మొదలైన చీమల బారు బకెట్టు ఎక్కి, అంచు చుట్టి, లోపలికి దిగుతోంది.

ఆమె గ్లాసు మెల్లగా బల్ల మీద పెట్టింది. చిన్న గ్లాసు. చిరుజల్లు. పొయ్యి పక్కన చెంబు. మోస్తరు వాన. ఇక బకెట్టు.

"యాకూబ్ భాయ్, చాయ్‌ల చక్కెరేస్తరా?"

"ఏస్తనమ్మా."

"నా డబ్బాల గూడ ఏస్తున్నరు."

వడగట్టే గుడ్డ అతని చేతిలోంచి జారింది. ఇక్బాల్ బీ మొగుడి వైపు తిరిగింది. ఆమె మొహంలో ఆశ్చర్యం లేదు. చాలా రోజులుగా ఈ గడియ కోసం కాచుకున్న మనిషి తీరుంది.

"నేను జెప్పలే?" అంది. "గా బకెట్టు నీ కొంప ముంచుతది అని నేను జెప్పలే?"

"ఎందుకు పోసిన్రో తర్వాత అడుగుత," అంది స్వరూప. దూరంగా బండరాళ్లు దొర్లినట్టు ఉరుము. "ఊరి వడ్లన్నీ వీరేశం మొలతాడుకు కట్టి ఉన్నయ్ భాయ్. ఆ ముడి నేను విప్పలేను. మీరే విప్పాలె."

యాకూబ్ తలుపు వైపు చూశాడు, పొయ్యి వైపు చూశాడు. పారిపోవడానికి రెండూ పనికిరావు.

"నువ్వు మైకుల జెప్తవా, నన్ను జెప్పమంటవా?" అంది ఇక్బాల్ బీ. "నేను జెప్పితే పెండ్లి నాటి నుంచి మొదలువెడ్త."

యాకూబ్ ఒక్క గంతులో మైకు దగ్గరున్నాడు. వేలితో టకటకా కొట్టాడు. ఎంత కష్టంలోనూ అలవాటు పోదు.

"హలో, హలో. మర్రిగూడ ప్రజలకు తెలియజేయునది ఏమనగా," అని గొంతు సవరించుకున్నాడు. ఆ తర్వాత రాసిపెట్టుకున్న మాటల్లేవు. "డబ్బల నీళ్లు పోసింది నేను. యాకూబ్‌ను. వీరేశానికి ఏం తెల్వదు. మొఖం సూసి జెప్పమన్నవు గద వీరేశం, వస్తున్న, షట్టర్ తియ్యి. మేడం జెప్పే వాన ఇవ్వాళ నిజం. ఎందుకంటే దీనికి నేనింక ఏం జెయ్యలే."

ఆ మీదట షట్టర్ లేచిన చప్పుడు ఉరుమును మించి వినిపించింది.

యాకూబ్ మైకు వదిలి పరుగెత్తుకెళ్లి కుర్చీ ముందు నిలబడ్డాడు. వీరేశం అతన్ని కొట్టడానికి చెయ్యెత్తి, ఆ చేతిలోనే నాలుగు పరదాలు పెట్టి, "మొదలు నాగరాణి కుప్ప కప్పు, తర్వాత తంత," అన్నాడు.

తర్వాత జరిగింది వర్ణించే తీరిక అక్కడెవరికీ లేదు. చీపుర్లు, పారలు, గంపలు. వడ్లు కుప్పలయ్యాయి, కుప్పలు కొండలయ్యాయి. ఇంతసేపూ తీరిగ్గా కూర్చున్న పెద్దమనిషి పంచె ఎగ్గట్టి రాళ్లు మోశాడు. నల్గొండ నుంచి దివాకర్ ఫోన్ చేసి, "దొంగ దొరికిండా, ఫోటో ఉంచాల్నా, తియ్యాల్నా?" అని అడిగాడు. స్వరూప ఫోన్ పళ్ల మధ్య పట్టుకుని తాడు ముడేస్తోంది. ఎర్రటి దుమ్ము గోడలా లేచి వచ్చి మీద పడింది. చివరి పరదా అంచు మీద చివరి రాయి పెట్టారో లేదో, గోలీలంత వడగళ్లు రేకుల మీద దరువు మొదలుపెట్టాయి.

అందరూ దొరికిన పరదా కిందికల్లా దూరారు. స్వరూప దూరిన పరదా కింద అప్పటికే నాగరాణి, వీరేశం, ఇక్బాల్ బీ, వాళ్ల మధ్యలో ఎటూ కదలడానికి జాగా లేక యాకూబ్ ఉన్నారు. పరదా మీద వాన పిడిగుద్దులు గుద్దుతోంది. కింద వడ్లు పొడిగా, వెచ్చగా ఉన్నాయి.

"ఇప్పుడు జెప్పు," అన్నాడు వీరేశం. "ఎందుకు పోసినవ్?"

"చాయ్ కోసం," అంది ఇక్బాల్ బీ. "మేడం మాట తప్పితే ఊరందరికి ఒక పూట చాయ్ ఉత్తగనే పోస్తనని పందెం గాసిండు. డబ్బా ఎట్ల జెప్తే గట్ల అన్నడు."

"చాయ్ ఒక్కటే గాదు," అన్నాడు యాకూబ్. తడిసిన గడ్డం పిండుకున్నాడు. స్వరూప మొహం చూడలేక వడ్ల వైపు చూస్తూ మొదలుపెట్టాడు.

"రెండేండ్ల కింద గిసొంటి దినమే. ఇగో మా ఇంటామె మేకలను దోలుకొని తుమ్మచెట్టు కింద కూసున్నది. నువ్వు మైకుల జెప్పినవమ్మా, ఉరుమితే చెట్ల కింద ఉండకుండ్రి అని. నా మాట ఎన్నడు ఇనది, నీ మాట ఇని లేచి ఇంటికొచ్చింది. గడప దాటిందో లేదో, తుమ్మచెట్టు నిలువునా చీలింది. గానాటి సంది స్వరూపమ్మ మాట తప్పుడంటే నాకు ఒర్వలే. పోయిన ఎండకాలం నువ్వు చిరుజల్లు అన్నవ్. రాత్రంత సూసిన, రాలే. పొద్దుగాల తోటల దిక్కు చాయ్ అమ్మవోయి డబ్బల తొంగి సూసిన, ఎండి ఉన్నది. హోటల్ల అందరు పండ్లికిలిస్తరు అనుకున్న. చేతుల గ్లాసు కడిగిన నీళ్లున్నయ్. పోసిన. ఒక్క గ్లాసే అమ్మా, గది గూడ పెద్దది గాదు. పగటీలి మైకుల నీ గొంతు వచ్చింది. మర్రిగూడల మనం జెప్పినట్టే జల్లు పడ్డది, డబ్బా కావలి యాకూబ్ భాయ్‌కి సలాం అన్నవ్. ఊరంత ఇన్నది. గా సలాం నన్ను ఖరాబ్ జేసింది. మల్ల ఎట్ల ఆపాలె? నువ్వు మోస్తరు అంటే చెంబు. శాలువా గప్పిన్రని ఫోటో పంపినవ్, గీమెకు సూపిచ్చి ఏడ్సిన, సంతోషానికో భయానికో తెల్వది. నిన్న భారీ అంటివి. భారీకి ఎంత వొయ్యాలె, నాకేం ఎరుక? సగం బకెట్టు వోసిన. గది ఆరంగుళాలు అయితదని ఎవరు జెప్పిన్రు నాకు? వీరేశం, నిన్ను దొంగన్నప్పుడు నోరిప్పకపోతి, గదే నా పెద్ద తప్పు, రేపు నువ్వు తన్నిన తర్వాత ఊరందరికి చాయ్ పోస్త. డబ్బా కావలి ఇంకోలకు ఇయ్యి బిడ్డా, కావాల్నంటే మైకుల నా పేరు రోజు సదివియ్యి. గని ఒక్క ముచ్చట రాసుకో. గిప్పుడు పడ్తున్నది జూడు, గిది మాత్రం నేను పొయ్యలే."